ఎస్తేరు మందుపెట్టె

కృపామణికి ఒకచోట కుదురుగా కూర్చోవడం పుట్టినప్పటినుంచీ చేతకాదు. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నా వెనక గోడవారన నిలబడి కాళ్లు మార్చుకుంటూ ఉంటుంది. అన్నం గొంతుక్కూర్చునే తింటుంది, లేవడానికి తేలికని. ఇక నోరంటారా, దాని సంగతి బొమ్మయ్యపల్లెలో ఎవరినడిగినా చెబుతారు. రేషన్ షాపువాడితో తగాదా, లైన్‌మన్‌తో తగాదా, బావి దగ్గర వరస తప్పినవాళ్లందరితో తగాదా. "కృపామణి వస్తా ఉండాది" అంటే చాలు, తూకం దానంతటదే సరిగ్గా పడేది. మంచి మనిషే, కాదని ఎవరన్నారు? ఆ మంచితనం దాకా పోవాలంటే ముందు నాలుగు తిట్లు దాటుకుని పోవాలి, అంతే.

అలాంటి మనిషికి దేవుడు ఏం పని అప్పజెప్పాడో చూడండి. రోడ్డుమీద నిలబడి బస్సు కోసం ఎదురుచూసే పని. అదీ ఒకరోజూ రెండురోజులూ కాదు, కూతురు బతికినన్నాళ్లూ.

మొగుడు ఏబెల్ బోరు లారీ మీద కూలి. లారీ వెంట కర్ణాటకంతా తిరిగేవాడు, నెలల తరబడి ఇంటిముఖం చూసేవాడు కాదు. ఒక్కతే కూతురు ఎస్తేరు. ఎనిమిదో తరగతిలో ఉండగా పిల్ల ఉన్నట్టుండి చిక్కిపోయింది. చెంబులకు చెంబులు నీళ్లు తాగేది. చివరికి ఒకనాడు స్కూల్లోనే పడిపోతే తిరుపతి తీసుకుపోయారు. చక్కెర జబ్బన్నారు. "అది ముసిలోళ్లకు కదా సార్ వచ్చేది, మా బిడ్డకెందుకొస్తాది?" అని కృపామణి డాక్టరుతోనూ తగాదా వేసుకుంది. ఆయన ఓపికున్నవాడు కాబట్టి కూర్చోబెట్టి చెప్పాడు. ఇది మాత్రలకు లొంగే రకం కాదనీ, పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూది పడాల్సిందేననీ, మానితే పిల్ల దక్కదనీ చెప్పాడు. ఆ మందు ఎప్పుడూ చల్లగా ఉండాలి, వేడి తగిలితే బలం పోతుంది అన్నాడు. కృపామణి ఆ మాటల్ని బైబిలు వాక్యంలా బట్టీ పట్టింది.

ఇది తొంభై ఎనిమిది నాటి మాట. చిత్తూరు దాటి లోపలికి పోతే వచ్చే బొమ్మయ్యపల్లెలో అప్పటికి ఫ్రిజ్జున్న ఇల్లు ఒక్కటే, రోడ్డు పక్కనున్న నిర్మలమ్మగారిది. మామిడితోటలున్న కుటుంబం. కృపామణి ఆ ఇంటి పెరటి గుమ్మం దాటి ఎన్నడూ లోపలికి పోయింది లేదు, రమ్మన్నవాళ్లూ లేరు. ఎస్తేరు మందు మాత్రం ఆ వంటింట్లోకి దర్జాగా పోయి ఫ్రిజ్జు తలుపులో గుడ్ల పక్కన కూర్చుంది. నిర్మలమ్మ మాటలో పెద్దరికం ఉన్నా మనసులో పిసినారితనం లేదు. "బిడ్డ మందుకు నన్ను అడగాల్నా ఏమే? తెచ్చి పెట్టుకో" అంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తల్లీకూతుళ్లు పెరట్లో నిలబడితే ఆవిడే సీసా తెచ్చి ఇచ్చేది. సూది అయ్యాక మళ్లీ లోపల పెట్టేది.

దాచడానికి చోటు దొరికింది సరే, మందు దొరకాలి కదా! డాక్టరు రాసిన రకం చిత్తూరు షాపుల్లో ఒకనెల ఉంటే రెండునెలలు ఉండదు. తిరుపతి బస్టాండు దగ్గర గోవిందయ్య మందుల షాపులోనే ఖాయంగా దొరికేది. "నువ్వు పని చెడగొట్టుకోని ఇంత దూరం రావద్దమ్మా. వారం వారం మేమే పంపిస్తాం. అట్టపెట్టెలో ఐసు పెట్టి, టేపేసి, మీ ఊరి బస్సుకిస్తాం" అన్నాడాయన. ఇంటికే మందులని షాపు ముందు బోర్డు కూడా రాయించాడు. కృపామణి పొంగిపోయి దండం పెట్టింది.

పెట్టిన దండం నెల తిరక్కుండానే వెనక్కి తీసుకుంది. మొదటి పెట్టె ఊరు దాటి చివరి స్టాపుదాకా పోయి మర్నాడు తిరిగొచ్చింది. ఇంకో పెట్టెను కండక్టరు వెనక సీటు కిందికి నెడితే, ఎవరో దానిమీద వేరుశనగ మూట పెట్టారు. ఇంకోటి బుధవారం రావాల్సింది, రానేలేదు. కృపామణి ఎస్‌టీడీ బూతుకు పరుగెత్తింది.

"పంపించినామమ్మా" అన్నాడు గోవిందయ్య.

"పంపిస్తే యాడుండాది?"

"బస్సులో."

"బస్సు ఈడికొచ్చింది. పెట్టె రాలా."

"కండక్టర్ని అడుగు."

"కండక్టరు నిన్నడగమంటా ఉండాడు! మీరిద్దురూ ఒకరినొకరు అడుక్కోండి, ఈడ నా బిడ్డ సచ్చిపోతాది" అని ఆమె అరిచిన అరుపుకి బూతు బయట ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ఆరోజు ఆఖరికి చిత్తూరు పరుగెత్తి, మూడు షాపులు తిరిగి, ఎవరో అట్టిపెట్టుకున్న ఒక్క సీసా బతిమాలి తెచ్చుకుంది. బుధవారం వస్తోందంటే ముందురోజే బూతుకు పోయి గోవిందయ్యకు గుర్తుచేసేది.

ఈ బాధంతా చూడలేక కల్పించుకున్నవాడు బస్సు డ్రైవరు మునివెంకటప్ప. అది ప్రైవేటు బస్సు. పొద్దున తిరుపతి పోయి మధ్యాహ్నం తిరిగొచ్చేది. ఆయన ఎన్నేళ్లుగానో అదే రూటులో తోలుతున్నాడు. పెళ్లి నగలు తెమ్మన్నా, పరీక్ష హాల్‌టికెట్టు అందించమన్నా ఆయన చేతికిస్తే అందినట్టే అని పేరు. ఒక మధ్యాహ్నం కృపామణి కండక్టరు చొక్కా పట్టుకుని దులుపుతుంటే ఆయన బస్సు దిగివచ్చాడు.

"వాడిని ఇడిసిపెట్టమ్మా. ఇంగమీద నీ పెట్టె నా బాధ్యత. నా పక్కన పెట్టుకోని, నా కండ్ల ముందర తీసకొస్తా."

"అన్నా, అది ఒట్టి పెట్టె కాదన్నా. నా బిడ్డ పానం. జాగ్రత్తన్నా."

"నా బిడ్డ అనుకుంటా పోమ్మా" అన్నాడు మునివెంకటప్ప.

అన్నట్టే చేశాడు. ఒక్క వారం తప్పలేదు. అప్పుడే మామిడి సీజను మొదలై, కృపామణి చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే పనికి పోతోంది. బస్సొచ్చే వేళకు ఆమె ఊళ్లో ఉండదు. అయితేనేం? మునివెంకటప్ప నేరుగా నిర్మలమ్మ ఇంటిముందు ఆపి హారన్ కొట్టి, పెట్టెను రెండు చేతులా పట్టుకుని గేటుదాకా తెచ్చి ఇచ్చేవాడు. ఆవిడ అట్లాగే తీసుకుపోయి ఫ్రిజ్జులో పెట్టేది. సాయంత్రం కృపామణి వచ్చి టేపు విప్పేసరికి సీసాలు చల్లగా, పెట్టంతా చల్లగా ఉండేది. ఇంతకన్నా ఏం కావాలి? మొదటిసారి ఆ మనిషి తగాదా లేకుండా నెల గడిపింది. ఫ్యాక్టరీలో తోటివాళ్లకు మునివెంకటప్ప గురించి చెప్పి చెప్పి విసిగించింది. ఒకరోజు తువ్వాల్లో మామిడికాయలు కట్టుకుపోయి ఆయన సీటు మీద పెట్టి వచ్చింది కూడా.

ఆ నెల చివర్లోనే ఎస్తేరు మళ్లీ నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది.

అప్పట్లో పల్లెల్లో రక్తపరీక్ష మిషన్లు ఎక్కడివి? ఆసుపత్రివాళ్లు నీలం రంగు మందొకటి ఇచ్చారు. గాజు గొట్టంలో ఆ మందు పోసి, పిల్ల ఉచ్చ నాలుగు చుక్కలు వేసి స్టవ్ మీద కాస్తే రంగు మారుతుంది. నీలంగా ఉంటే మంచిది. పచ్చబడితే జాగ్రత్త పడాలి. ఇటుక రంగుకు తిరిగితే చక్కెర ఒంటినిండా ఉన్నట్టు. కృపామణి కాస్తే ఇటుక రంగు వచ్చింది. గొట్టం కడిగి మళ్లీ కాచింది. మళ్లీ ఇటుకే.

"ఏం తిన్నావే?"

"ఏం తినలేదు మా."

"నిజం చెప్పు."

"నువ్వు పెట్టిందే తిన్నా."

సూదులు వేళకు పడుతున్నాయి. మందు బ్రహ్మాండంగా అందుతోంది. మరి చక్కెర ఎక్కడినుంచి వస్తుంది? ఊరు చుట్టూ మామిడితోటలు, స్కూలుకు పోయే దారిపొడుగునా కాయలు. పద్నాలుగేళ్ల పిల్ల నోరు కట్టుకుంటుందా? పొద్దస్తమానం కాయలు కోసి వచ్చే కృపామణి చీరకే బెంగుళూర మామిడికాయ వాసన. ఆ వాసనలో పిల్ల పక్కన పడుకుని, పిల్ల నోటినుంచి వస్తోందా తన కొంగునుంచి వస్తోందా అని వాసన చూసేది. పుస్తకాల సంచి దులిపింది. జేబులు తిరగేసింది. ఎస్తేరు స్నేహితురాళ్లను పిలిచి ఒట్లు వేయించింది. ఏమీ దొరకలేదు. దొరకనికొద్దీ ఆమెకు అనుమానం ఎక్కువైంది.

మధ్యలో అనుమానం నిర్మలమ్మ మీదికీ పోయింది. "కరెంటు బిల్లుకోసం రాత్రిళ్లు ఫ్రిజ్జు ఆపుతా ఉండారేమో అమ్మా" అని పెరట్లో నిలబడి అడిగేసింది. ఎంత మాట! నిర్మలమ్మకు ముఖం ఎర్రబడింది. "నీ మందుంది కదా అని మేం ఊరికి పోయినా ఫ్రిజ్జు ఆపడం మానేసినాం. రేపే తీసకపో నీ పెట్టె" అంది. కృపామణి కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఆ మాట వెనక్కి తీయించింది. తర్వాత గోవిందయ్యకు ఫోన్ చేసి పాత సరుకు అంటగడుతున్నావని కేకలేసింది. సీసా మీద తారీఖు చూసుకోమన్నాడాయన. చూస్తే ఇంకా ఏడాది గడువుంది. ఊళ్లో ఆమె తగాదా పెట్టుకోనిది ఒక్క మునివెంకటప్పతోనే.

ఇంక మిగిలింది పిల్ల. ఒక ఆదివారం చర్చినుంచి వచ్చాక గొట్టంలో మళ్లీ అదే ఇటుక రంగు చూసి కృపామణికి కళ్లు కనపడలేదు. చీపురు తిరగేసి కొట్టింది. చేతులు నొప్పెట్టేదాకా కొట్టింది. "మీ నాయనకు ఏం జవాబు చెప్పమంటావే? నువ్వు సస్తే నేనెట్ల బతకాల? చెప్పు, తిన్నావా లేదా?" అని ఏడుస్తూ కొట్టింది. ఎస్తేరు మూలకు ఒదిగి, చాలాసేపటికి, "తిన్నా మా. కాయ తిన్నా. ఇంగ తినను" అంది.

చెప్పొద్దూ, ఆ మాటతో కృపామణికి ప్రాణం లేచొచ్చింది. రోగం దొరికింది, ఇక మందు తెలుసు. ఆరోజునుంచి కూతురికి అన్నం బంద్ చేసింది. మధ్యాహ్నం ఒక రాగిముద్ద, అదీ పిడికెడు. పొద్దున గ్లాసు మజ్జిగ. పిల్లను స్కూలు మానిపించి ఇంట్లో పెట్టి, బయట గొళ్లెం పెట్టి ఫ్యాక్టరీకి పోయేది. వేసే సూది మాత్రం మానలేదు. ఎస్తేరు ఎదురు చెప్పలేదు. ఆకలనీ అనలేదు. రోజురోజుకూ చేతిగాజులు మోచేతిదాకా జారిపోసాగాయి. గొట్టంలో రంగు మాత్రం మారలేదు.

వారం తిరగకముందే ఒక పొద్దున పిల్ల లేవలేదు. పిలిస్తే కళ్లు తెరిచి మూసుకుంది. ఊపిరి ఎగబీలుస్తోంది, కక్కుతోంది. కృపామణి కూతుర్ని భుజాన వేసుకుని రోడ్డుకు పరుగెత్తేసరికి తిరుపతి బస్సు కదులుతోంది.

మునివెంకటప్ప చూశాడు, ఆపాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. "లెయ్యండప్పా, లెయ్యండి! బిడ్డకు బాలేదు" అని అరిచి ముందు సీటు ఖాళీ చేయించాడు. దారిలో నిలబడినవాళ్లను ఎక్కించుకోకుండా బస్సును దౌడు తీయించాడు. సీట్లో ఎస్తేరును పడుకోబెడితే కృపామణికి చోటు లేదు. డ్రైవరు పక్కన ఇంజను మూత మీద గోనెపట్టా పరిచి ఉంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూర్చునే చోటే అది, కృపామణీ అక్కడే కూర్చుంది. ఆ పట్టా చివర, సరిగ్గా డ్రైవరు మోచేతి పక్కన, ఎర్ర తుండుగుడ్డ ఒకటి మడతపెట్టి ఉంది. చిత్తూరు దాటాక ఒక మలుపులో తూలి, కృపామణి ఆ తుండుగుడ్డ మీద అరచెయ్యి ఆనించింది.

"అబ్బా!" అని చెయ్యి లాగేసుకుంది. అరచెయ్యి ఎర్రగా కమిలింది.

"ఆడ చెయ్యి పెట్టొద్దమ్మా. కింద మూతకు అతుకుండాది, ఆవిరి కొడతాది" అన్నాడు మునివెంకటప్ప రోడ్డుమీదనుంచి చూపు తిప్పకుండా.

"మరి ఈ తుండుగుడ్డెవురిది?"

"నాదే. నీ పెట్టెకు పరుస్తా. బుధవారం పూట ఆ తావులో మా యజమానొచ్చినా కూర్చోనియ్యను" అన్నాడాయన, గర్వంగా.

కృపామణి కమిలిన అరచెయ్యి వంక చూసుకుంది. తిరుపతిలో ఎక్కిన పెట్టె ఈ మూత మీద, మండే ఎండలో, ఊరిదాకా. ఐసు ఎప్పుడు కరిగిందో, నీళ్లెప్పుడు కాగాయో! ఆ ఉడికిన మందు ఫ్రిజ్జులో చల్లబడి, సాయంత్రానికి ఏమీ ఎరగనట్టు తన చేతికొచ్చింది. దాన్నే సూదిలో ఎక్కించి పిల్లకు పొడిచింది. పొడిచి, నీ వల్లే రోగం ముదిరిందని కొట్టింది. అన్నం పెట్టలేదు.

ఆమెకు గొంతుదాకా తిట్లు వచ్చాయి. ఆయన్ని చీల్చి చెండాడాలనిపించింది. కానీ ఆ తుండుగుడ్డ ఉతికి మడతపెట్టి ఉంది.

"అన్నా" అంది. "ఆ మందు చల్లగా ఉండాలన్నా. వేడి తగిలితే నీళ్లతో సమానమన్నా."

మునివెంకటప్పకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన చెయ్యి గేరు రాడ్డు మీద ఆగిపోయింది. "చల్లగా ఉండాలని ఎవురు చెప్పినారమ్మా నాకు? షాపాయన జాగర్త అన్నాడు. నువ్వూ జాగర్త అన్నావు. నాకు తెలిసిన జాగర్త ఇదేనమ్మా" అన్నాడు.

నిజమే. ఐసు సంగతి ఆమెకు తెలుసు, షాపువాడికి తెలుసు. టేపేసిన పెట్టె మోసినవాడికి ఒక్కరూ చెప్పలేదు. నా బిడ్డ ప్రాణమని చెప్పింది గానీ ఆ ప్రాణం చల్లగా ఉండాలని చెప్పలేదు. కృపామణి ముందు సీటుకు జరిగింది. కూతురి తల ఒళ్లోకి తీసుకుని, తిరుపతి వచ్చేదాకా "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది.

మునివెంకటప్ప బస్సును స్టాండుకు పోనివ్వలేదు. జనంతో సహా ఆసుపత్రి గేటు దగ్గర ఆపి, ఎస్తేరును తనే ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు. బస్సులోవాళ్లు దిగి స్టాండుదాకా నడుచుకుంటూ పోయారు. సెలైన్లు ఎక్కించారు, ఆసుపత్రి ఫ్రిజ్జులోంచి తీసిన ఇన్సులిన్ ఎక్కించారు. ఇంకొక పూట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లమని డాక్టరు అన్నాడు. మునివెంకటప్ప వరండాలో గోడకానుకుని నిలబడి, పిల్లకు భయం లేదని చెప్పించుకున్నాకగాని కదలలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఎస్తేరు కళ్లు తెరిచింది. చక్కెర దిగింది. నర్సు ప్రసన్నకుమారి కేసు కాగితాల అట్ట పట్టుకుని మంచం పక్కకు వచ్చింది. ఇలాంటి పిల్లల్ని ఎంతమందిని చూసిందో, విసుగూ నవ్వూ కలిపి అడిగింది.

"మామిడికాయల కాలమొస్తే మీకు ఒళ్లు తెలీదు కదా పాపా? ఏం తిన్నావు? నిజం చెప్పు, కొట్టంలే."

ఎస్తేరు తల్లి ముఖం చూసింది. ఎండిన పెదాలు తడుపుకుని, "కాయ తిన్నా సిస్టర్" అంది. "రెండు తిన్నా. ఇంగ తినను."

కృపామణి చివాలున లేచింది. "లేదు సిస్టర్!" అని అరిచింది. వార్డంతా ఇటు తిరిగింది. "నా బిడ్డ కాయ తినలేదు. ఏమీ తినలేదు. మందు బస్సులో ఉడికిపోయింది. తప్పంతా మాది. బిడ్డ తినలేదని రాసుకోండి, రాసుకోండి నా ముందర."

నర్సు తెల్లబోయి చూసి, సరేనమ్మా అని రాసుకుని పోయింది. కృపామణి మంచం మీదికి వంగి, కూతురి చేతుల మీద ఇంకా మానని చీపురు వాతలు నిమిరింది.

"తినకుండానే తిన్నానని ఎందుకు చెప్పినావే తల్లీ?"

"తినలేదంటే కొడతా ఉంటివి కదా మా" అంది ఎస్తేరు.

తల్లి వెక్కివెక్కి ఏడుస్తుంటే పిల్ల ఆమె కొంగు పట్టుకుంది. ఆ తర్వాత చాలా మెల్లిగా, అడగొచ్చో అడగకూడదో అన్నట్టు అడిగింది.

"అయితే ఇంటికి పోయినాక నాకు అన్నం పెడతావా మా?"